పాతబండికి క్రొత్తయంత్రము



తెలుగుపండితుడు మోటారుబండ్లను గూర్చి ప్రసంగించుట మీకు వింతగ దోపవచ్చును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల యున్నత పాఠశాలలలో ముప్పదియేండ్లకు పైగా నేను బోధించినది సంధులును, సమాసములునే. అయినను నాయొద్ద సంధులు వల్లెవేసినవారిలో ఇద్దరు ముగ్గురు పెద్దవారై మోటారుషెడ్లు పెట్టుకొని జీవించుచున్నారు. వారు ఇంగ్లీషులో అచ్చుపడిన వైరింగు పటములను, మరమ్మతు పుస్తకములను దెచ్చి, "మాష్టారూ, ఈ మాటకు అర్థమేమి?" అని యడుగుచుందురు. వారికి అర్థము చెప్పుచు, వారివలన పని చూచుచు, నేనును గొంత నేర్చుకొంటిని. అందులో గ్రామపెద్దలకు అక్కఱకు వచ్చు విషయమొకటి నేడు విన్నవించెదను.

మన గ్రామములలో అనేక గృహములయందు ఇరువది, ముప్పది యేండ్లనాటి చిన్నకారు ఒకటి కొట్టములోనో, చింతచెట్టు నీడనో నిలిచియున్నది. పెద్దవారికి దానిపై మమకారము. కుమారులు, మనుమలు వచ్చి, "ఇందలి పాత కార్బ్యురేటరు ఇంజనును దీసివేసి, ఇంజక్షను ఇంజను వేయింతము. బండి క్రొత్తదగును" అందురు. ధనము పెద్దవారిచేతిలో నుండును గావున వారే యవుననియో, కాదనియో చెప్పవలసి వచ్చును. అట్టివారికి నేను చెప్పదలచిన మాట యొక్కటే. క్రొత్తయంత్రము ఒంటరిగ రాదు. అది తన పరివారమంతటితో రావలెను, కాగితముతో రావలెను. అట్లు రాలేనిచో పాతదానిని బాగుచేయించుకొనుటయే మేలు. ఈ మాటకు గల కారణములను వివరించెదను.

ముందుగా ఆ బండి చరిత్రము. మనవారికి చిన్నకారనగా మారుతి 800. జపానుదేశపు సుజుకీవారి సహకారముతో భారతప్రభుత్వము నెలకొల్పిన సంస్థ, ఢిల్లీచెంతనున్న గుడ్గావు కర్మాగారమునుండి దీనిని 1983 డిసెంబరులో వెలువరించినది. 1986లో దాని యాకారము మారినది. ఇంజను కొలత మాత్రము 796 ఘనసెంటీమీటర్లుగనే నిలిచినది. సిలిండర్లు మూడు, శక్తి 40 అశ్వశక్తులకు లోపు. బండిబరువు సుమారు 650 కిలోలు. 2000 సంవత్సర ప్రాంతమున కాలుష్యనిబంధనలు బిగియగా కార్బ్యురేటరు పోయి ఇంజక్షను వచ్చినది. 2014 జనవరిలో ఈ బండి నిర్మాణము నిలిచిపోయినది. అప్పటికి 25 లక్షలకు పైగా బండ్లు తయారైనవి. కావుననే ఒకే పేరుగల బండ్లలో కొన్ని కార్బ్యురేటరువి, కొన్ని ఇంజక్షనువి యున్నవి. ఒకదాని యంత్రమును మఱియొకదానికి వేయవచ్చునన్న తలపు పుట్టుటకు మూలమిదియే.

ఇక కార్బ్యురేటరనగా నేమి? పెట్రోలు తనంత దాను మండదు. గాలితో తగుపాళ్లలో గలియవలెను. ఒక కిలో పెట్రోలు సంపూర్ణముగ దహనమగుటకు 14.7 కిలోల గాలి కావలెను. ఈ పాళ్లను గలుపు పాత్రయే కార్బ్యురేటరు. ఇంజను గాలిని లోనికి పీల్చునపుడు ఆ గాలి యొక ఇఱుకు గొంతుగుండ బోవును. కాలువలో నీరు ఇఱుకు తూముకడ వడిగ పాఱునట్లే గాలియు నక్కడ వడిగ పోవును. వడి హెచ్చినచోట ఒత్తిడి తగ్గును. ఒత్తిడి తగ్గినచోటికి ప్రక్కనున్న చిన్నతొట్టిలోని పెట్రోలు సన్నని రంధ్రముగుండ పైకి లాగబడి గాలిలో గలియును. ఆ తొట్టిలో నొక తేలుబుడ్డి యుండి, నిండగనే సూదితో దారిని మూయును. మన మేడలమీది నీటితొట్టిలో బంతి కొళాయిని మూయు విధమిదియే. ఇందులో విద్యుత్తు పని స్వల్పము, బుద్ధిపని యేమియు లేదు. రంధ్రముల కొలతలో నేర్పరి యొకసారి యుంచిన బుద్ధియే దాని బుద్ధి.

ఆ బుద్ధి స్థిరమైనది. లోకము స్థిరమైనది కాదు. పుష్యమాసపు ప్రాతఃకాలమున చలికి పెట్రోలు సరిగ ఆవిరి కాదు గావున చోక్ అను మీటను లాగి గాలిని గొంత మూయవలెను. ఇంజను వేడెక్కినపిమ్మట దానిని మరల లోనికి నెట్టవలెను. మఱచినచో పెట్రోలు వ్యర్థమగును. అరకు ఘాటీ యెక్కునపుడు పైకి బోయినకొలది గాలి పలుచనగును, పాళ్లు చెడును. ఇపుడు పెట్రోలులో ఇథనాలు అను సారాయిసత్తును 20 పాళ్లవఱకు గలిపి విక్రయించుచున్నారు. ఇథనాలు మండుటకు కిలోకు 9 కిలోల గాలియే చాలును. పాతకాలపు పెట్రోలుకొఱకు కొలిచిన రంధ్రములకు ఈ సంగతి తెలియదు. అంతియకాక, పాతబండ్లలోని కొన్ని రబ్బరుగొట్టములు ఇథనాలుచే మెత్తబడును.

ఇంజక్షను పద్ధతి గ్రామస్థులకు బొత్తిగ క్రొత్తది కాదు. పొలములో నీరు తోడు ఆయిలు ఇంజను చూడుడు. దానిలో పంపు డీజిలును నొక్కగా నాజిలునుండి సన్ననితుంపరగ సిలిండరులో బడును. డీజిలు ఇంజను పుట్టినది మొదలు ఇంజక్షనుతోనే నడచినది. పెట్రోలుకార్లకు ఎలక్ట్రానికు ఇంజక్షనును పెద్దయెత్తున ప్రచారములోనికి దెచ్చినది, 1967లో జర్మనీదేశమున వోక్సువాగను 1600 బండికి బాషువారు అమర్చిన పద్ధతి. మనదేశపు చిన్నకార్లకు అది చేరుటకు మఱి మూడు దశాబ్దములు పట్టినది.

ఈ పద్ధతిలో పెట్రోలు పీల్చబడదు, నొక్కబడును. ట్యాంకులోని విద్యుత్పంపు చదరపు సెంటీమీటరుకు సుమారు 3 కిలోల ఒత్తిడితో పెట్రోలును బంపును. ప్రతి సిలిండరుకు నొక ఇంజక్టరు గలదు. అది సెకనులో వేయవవంతులు కొన్నిటికాలము మాత్రమే తెఱచుకొని తుంపరను విడుచును. ఎంతసేపు తెఱువవలెనో నిర్ణయించునది, మన మెకానిక్కులు ఈసీఎం అని పిలుచు కంప్యూటరుపెట్టె. అది వైద్యునివంటిది. వైద్యుడు నాడిని, నాలుకను, కంటిని చూచి మందు మోతాదు నిర్ణయించును గదా! ఈ పెట్టెకు సెన్సరులు నాడివంటివి. లోనికి పోవు గాలి ఒత్తిడి, గాలివేడిమి, నీటివేడిమి, కాలిక్రింది మీట ఎంత తొక్కబడినది, ఇంజను ఎంతవడిగ దిరుగుచున్నది అను సంగతులను వేర్వేరు సెన్సరులు దెలుపును. పొగగొట్టములో నుండు ఆక్సిజను సెన్సరు, దహనము సరిగ జరిగినదో లేదో చెప్పును. తప్పిన పాళ్లను ఆ పెట్టె వెంటనే దిద్దుకొనును. చలియైనను, ఘాటీయైనను, ఇథనాలైనను కొంతవఱకు తానే సర్దుకొనును.

లాభమెంత? పొగపరీక్ష నిబంధనలే సాక్ష్యము. భారత్ స్టేజి 2కు ముందటి పెట్రోలుకార్లకు పొగలో కార్బను మోనాక్సైడు 3 పాళ్లవఱకు అనుమతి గలదు. ఆ స్టేజి కార్లకు 0.5 పాలుమాత్రమే. అనగా ఆఱవవంతు. ఇది యిచ్చునది ఇంజక్షనొక్కటియే కాదు, పొగను శుద్ధిచేయు కెటలిటికు కన్వర్టరు దానికి తోడు. ఆ కన్వర్టరునకు సీసము విషము. దేశమంతట 2000 ఫిబ్రవరినుండి సీసములేని పెట్రోలు విక్రయింపబడుటచే అది నిలువగలిగినది.

ఇంతవఱకు విన్నవారు, "అట్లయిన ఇంజక్షను వేయించుటయే మేలుగదా!" యనవచ్చును. ఇక్కడనే మా వ్యాకరణము అక్కఱకు వచ్చును. పెద్దలు చదివిన సంధులలో ఆగమమనియు, ఆదేశమనియు రెండున్నవి. మాయమ్మ యన్నపుడు యకారము మిత్రునివలె నడుమవచ్చి చేరినది, ఎవరిని త్రోయలేదు. అది యాగమము. వాడు గొట్టె నన్నపుడు గకారము కకారమును త్రోసివైచి దాని పీఠమున గూర్చున్నది. అది యాదేశము. బండికి రేడియో పెట్టుట యాగమము. ఇంజను మార్చుట యాదేశము. ఆదేశము ఎక్కడబడిన నక్కడ రాదు. ముందువెనుకల నున్నవన్నియు దానికి అనుకూలించినగాని రాదు.

ఆ యనుకూలింపవలసినవేవి? మొదటిది పెట్రోలుదారి. కార్బ్యురేటరుబండిలో ఇంజను ప్రక్కనున్న చిన్నపంపు మెల్లగ లాగును. దాని రబ్బరుగొట్టములు అధికపు టొత్తిడికి చేసినవి కావు. వానికే ఇంజక్షనుపంపు తగిలించినచో ఒకనాడు గొట్టము పగిలి, కాలుచున్న పొగగొట్టముపై పెట్రోలు చిమ్మును. బండియు, బండిలోనివారును భస్మమగుటకు అది చాలును. కావున ఇంజక్షనుబండి ట్యాంకు, లోని పంపు, ఒత్తిడికి దగిన గొట్టములు, బిగింపుపట్టెలు అన్నియు రావలెను.

రెండవది వైరింగు. ఇంజను ఆగినచో ఈసీఎం పంపును గూడ ఆపును. ఇది ప్రమాదసమయమున ప్రాణరక్షణకై యేర్పఱచిన యుపాయము. కొందఱు తొందరపాటున పంపునకు నేరుగ నొక స్విచ్చి పెట్టుదురు. అట్టి బండి బోల్తాపడినను పంపు పెట్రోలును చిమ్ముచునే యుండును. ఇట్టిపనిని ఎన్నడును అంగీకరింపరాదు. దాతబండి వైరింగంతయు కోయకుండ, తీగలు తెగకుండ తేవలెను. ఎర్తుతీగలు తుప్పులేని యినుమునకు బిగింపవలెను. ఇంజనుబొమ్మగల హెచ్చరికదీపము తప్పక వెలుగవలెను. తరువాతికాలపు కొన్ని బండ్లలో తాళపుచెవికిని ఈసీఎంకును జత యుండును. ఆ జత రానిచో బండి కదలదు.

మూడవది మిగిలిన బంధువర్గము. గాలిగొట్టము, సెన్సరులు, పొగగొట్టము, కన్వర్టరు, ఇంజనును మోయు మౌంటింగులు, క్లచ్చి, గేరుబాక్సు. ఇవి వేర్వేరు తుక్కుదుకాణములలో వేర్వేరుగ గొనినచో ఒకటి మఱియొకదానితో మాటలాడదు. పేరు నమ్మి మోసపోరాదు. ఓమ్ని బండిలోనిదియు ఇదే కుటుంబపు ఇంజను. కాని అందులో అది ముందుసీట్లక్రింద నిలువుగ నుండి వెనుకచక్రములను ద్రిప్పును. 800లో అది ముందు అడ్డముగ నుండి ముందుచక్రములను ద్రిప్పును. ఆల్టోలోని పండ్రెండు వాల్వుల ఇంజనుకు సుమారు 46 అశ్వశక్తులు గలవు. పిల్లలకు దానిపై మోజు హెచ్చు. కాని పాతబండి బ్రేకులును, చట్రమును ఆ వేగమునకు సిద్ధముగ నున్నవా యని యడుగువాడు ఇంటిలో నొకడుండవలెను. బలమైన క్రొత్తయెద్దును కట్టుటకు ముందు కాడిని, ఇరుసును చూచుకొనుట మనకు తెలిసినదే.

మన సముద్రతీరమున మఱియొక శత్రువున్నది. భీమునిపట్టణము మొదలు ఇచ్ఛాపురము వఱకు ఉప్పుగాలి యినుమును తినును. బండిక్రింద పండుకొని చట్రమును సుత్తితో మెల్లగ తట్టి చూడవలెను. గంటవలె మ్రోగినచో మంచిది. మెత్తగ పలికి పొరలు రాలినచో ఏ ఇంజనును ఆ బండిని కాపాడలేదు.

ఇపుడు రెండు నిదర్శనములు. ఉద్దానములో మాకు వరుసకు బావగారొకరున్నారు. ఆ ప్రాంతపు మూత్రపిండవ్యాధి సంగతి మీరెఱిగినదే. వారి భార్యకు వారమునకు మూడుసార్లు డయాలిసిసు. ఇంటినుండి పలాసకు ఆమెను గొనిపోవునది 1990 ప్రాంతములలోని చిన్నకారే. ముప్పదియేండ్ల వయసుచే అది దారిలో నాగుట మొదలిడినది. డయాలిసిసు రోగికి దారిలో గంట నిలుచుట సామాన్యమైన యిబ్బంది కాదు. విశాఖపట్టణములో నున్న కుమారుడు ఆల్టో ఇంజను వేయింతమనెను. బావగారు నన్నడిగిరి. నా శిష్యుడు పోయి ముందుగా మూడు సిలిండర్ల కంప్రెషనును గేజితో కొలిచెను. మూడును సమముగ, బలముగ నున్నవి. ఇంజనులో లోపము లేదు. ట్యాంకులోని తుప్పుపొడి కార్బ్యురేటరు రంధ్రములలో జేరినది, రబ్బరుగొట్టములు ఉబ్బినవి, లోపలి పొర యొకటి చినిగినది. ట్యాంకు కడిగించి, గొట్టములు మార్చి, కార్బ్యురేటరు కిట్టు వేయగా బండి మరల నడచినది. ఇంజను మార్పునకగు ధనములో స్వల్పభాగముతో పని ముగిసినది. ఆమె వేళకు పలాస చేరుచున్నది.

రెండవది చీపురుపల్లి ప్రక్కనున్న యొక ధాన్యవర్తకుని బండి. అందు కంప్రెషను పడిపోయినది, నీలిపొగ వచ్చుచున్నది, ఇంజనాయిలు వారమువారమును పోయవలసి వచ్చుచున్నది. చట్రము మాత్రము గట్టిగ నున్నది. ఇక్కడ ఆదేశము తగును. ఆ వర్తకుడు తొందరపడలేదు. పైభాగము నుజ్జయి, యంత్రము చెడని 800 ఇంజక్షనుబండినే, సొంతదారునియొద్ద, సీబుక్కుతోడను, క్రయరసీదుతోడను గొనెను. ధనమిచ్చుటకు ముందే రవాణాకార్యాలయమునకు అర్జీ పెట్టి అనుమతిని వ్రాతమూలముగ బొందెను. అటుపిమ్మటనే ట్యాంకునుండి పొగగొట్టము వఱకు సమస్తమును ఒకే బండినుండి మార్చిరి. రెండేండ్లయినది, ఆ బండి చక్కగ తిరుగుచున్నది.

అనుమతియనగా లాంఛనము కాదు. ఇంజను సంఖ్య సీబుక్కులో వ్రాయబడియుండును. 1988 మోటారువాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, నిర్మాత నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. ఇంజను మార్పు జరిగినచో 14 దినములలోపల రిజిస్ట్రేషను అధికారికి దెలిపి సీబుక్కులో వ్రాయించుకొనవలెను. 2019 జనవరిలో సుప్రీంకోర్టువారును, నిర్మాత వివరములకు విరుద్ధమైన మార్పులు చెల్లవని తీర్పు చెప్పిరి. ఆ యేటనే చట్టము సవరింపబడి, అనుమతిలేని మార్పునకు ఆఱునెలలవఱకు కారాగారము గాని, మార్పు ఒక్కంటికి 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని యేర్పడినది. ప్రమాదము జరిగినపుడు బీమావారు సంఖ్యలు సరిపోలలేదని పేచీపెట్టినచో నష్టము ఇంటిపై బడును. రసీదులేని ఇంజను దొంగబండిదైనచో పోలీసులు వాకిట నిలుతురు. కావున బ్రేకు ఇన్‌స్పెక్టరు కాదన్నచో ఆ తలపు మానుకొనవలెను. అవునన్నచో ఆ మాటను కాగితముపై బొందవలెను.

మఱియొక చిన్నమాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాసకు చేరువనే తీరము దాటినది. అనేక గ్రామములకు దినములతరబడి కరెంటు లేదు. బ్యాటరీ నీరసించిన కార్బ్యురేటరుబండిని నలుగురు నెట్టి నడిపింపవచ్చును. బ్యాటరీ పూర్తిగ చచ్చిన ఇంజక్షనుబండి పంపునకును, ఈసీఎంకును ప్రాణము లేదు గావున నెట్టినను ప్రయోజనము తక్కువ. ఇంజక్షను వేయించువారు మంచి బ్యాటరీని గూడ ఖర్చులో లెక్కించుకొనవలెను.

కావున గ్రామపెద్దలారా! ఇంటిపిల్లలు వచ్చి అడిగినపుడు కోపింపకుడు, వెంటనే సంచి విప్పకుడు. నాలుగు ప్రశ్నలు వేయుడు. కంప్రెషను కొలిచితిరా? చట్రము తట్టి చూచితిరా? యంత్రము, దాని పరివారము ఒకే బండినుండి రసీదుతో వచ్చుచున్నవా? అనుమతి వ్రాతమూలముగ నున్నదా? నాలుగింటికిని సమాధానము సరిగ వచ్చినచో సంతోషముగ ధనమిండు. ఒక్కటి తప్పినను కార్బ్యురేటరును శుభ్రపఱచి, గొట్టములు మార్పించి, పాతబండిని ఓర్పుతో నడుపుకొనుడు. రాత్రివేళ రోగిని గొనిపోవలసి వచ్చినపుడు మనలను ఆసుపత్రికి జేర్చు బండియే మంచిబండి.